ముఖ్య అతిథి పోయని మగ్గు

ఏప్రిల్ 27, ఆదివారం.

హాజరైనవారు: మా సంఘం అధ్యక్షులు, రిటైరైన గుండె డాక్టరు. ముఖ్య అతిథి, పొలాలు కొని ఇళ్ళ ప్లాట్లుగా మార్చే వ్యాపారి. పొలం కౌలుకు తీసుకున్న అమ్మాయి. ఆమె భర్త, లాప్‌టాప్‌తో సహా. పక్క పొలం పెద్దాయన. సంఘం సభ్యులు, వారి శ్రీమతులు. ఫొటోగ్రాఫరు. నా భార్య. కార్యదర్శి హోదాలో నేను. ఇంకా, మూత బిగించిన నీలం డ్రమ్ము ఒకటి.

డ్రమ్మును హాజరైనవారి జాబితాలో చేర్చడం పద్ధతి కాదని నాకు తెలుసు. కానీ ఆ రోజు అందరూ దాని కోసమే వచ్చారు. సభలో అందరికంటే ముందు చేరిందీ, అందరికంటే ఆలస్యంగా వెళ్ళిందీ అదే. మా సంఘంలో చాలామంది సభ్యుల కంటే దానికే హాజరు ఎక్కువ.

కాలేజీలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. ఉద్యోగమంతా మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షల విభాగంలో గడిచింది. అక్కడి అలవాటే డైరీకీ వచ్చింది. ముందు తారీఖు, తర్వాత ఎవరెవరున్నారు, ఏం జరిగింది, చివర మర్నాడు పొద్దున ఏమైంది. ఆ చివరి ముక్క లేకుండా నాకు ఏ రోజూ పూర్తి కాదు. పరీక్ష గొట్టంలో పోసినదాని సంగతి మర్నాడు పొద్దున చూస్తేనే కదా తెలిసేది.

మా సంఘం టెక్సస్‌లోని ప్లేనోలోనూ, ఆ చుట్టుపక్కలా స్థిరపడి రిటైరైన తెలుగువాళ్ళది. ఏడాదికొక మంచిపని పెట్టుకుంటాం. ఒక ఏడు కంటి పరీక్షలు, ఒక ఏడు యోగా, ఒక ఏడు ఏదీ తోచక మళ్ళీ కంటి పరీక్షలు. ఈ ఏడు అధ్యక్షులవారు ఇండియా వెళ్ళి, అక్కడ ఎవరిదో సేంద్రియ సేద్యం చూసి, తిరుగు విమానంలో ఒక నిశ్చయానికి వచ్చారు. టెక్సస్‌లో ఎవరూ పట్టించుకోని చిన్న రైతులకు సేంద్రియ వ్యవసాయం నేర్పే బడి మేం పెట్టాలి.

మా వ్యవసాయ పరిజ్ఞానం తక్కువేం కాదు. ప్రతివాళ్ళకీ కుండీలో కరివేపాకు మొక్క ఉంది. చలికాలంలో దాన్ని గరాజ్‌లోకి మోసుకొచ్చి, ఎండాకాలంలో బయటికి మోసుకుపోతాం. అధ్యక్షులవారు మునగచెట్టు కూడా వేశారు. అది ప్రతి జనవరిలోనూ చలికి చచ్చిపోతుంది, ఆయన ప్రతి మార్చిలోనూ కొత్తది కొంటారు. ఇంత అనుభవం ఉన్నవాళ్ళం నలుగురికి చెప్పకపోతే తప్పని కమిటీ భావించింది.

చిక్కంతా రైతుల దగ్గరే వచ్చింది. ఎవరూ పట్టించుకోని రైతులు ఎక్కడుంటారో మాకు తెలియదు. ఇంతకాలం మేమూ పట్టించుకోలేదు కదా. చివరికి నా భార్యే దొరకబుచ్చుకుంది. శనివారం సంతలో ఆమెకు మెంతికూర అమ్మే అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళది కరీంనగర్ వైపు, తండ్రి బస్ కండక్టరు. అమ్మాయి ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. లేఆఫ్ అయ్యాక మళ్ళీ ఇంటర్వ్యూలకు వెళ్ళకుండా, ప్లేనో నుంచి ఉత్తరంగా నలభై నిమిషాల దూరంలో రెండెకరాల నల్లరేగడి నేల కౌలుకు తీసుకుంది. పాలకూర, మెంతికూర వేసింది. పొలం ఆమెకీ కొత్తే. చూసి, అడిగి, చెడగొట్టుకొని నేర్చుకుంటోంది.

ఆమె పక్క పొలంలో చిలగడదుంపలు, బెండకాయలు పండించే నల్లజాతి పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని కూడా రైతుగా రాసుకున్నాం. మిరపకాయలు పండించే మెక్సికో దంపతులు మొదటి తరగతికి వచ్చారు. పాఠం ఇంగ్లీషులో, జోకులు తెలుగులో నడిచాయి. వాళ్ళకు స్పానిష్ వచ్చు. మర్యాదగా చివరిదాకా కూర్చొని, చాలా బాగుందన్నట్టు తల ఊపి, మళ్ళీ రాలేదు. ఆ తరగతి నివేదికలో ‘బహుభాషా బోధన’ అని రాయమన్నారు, రాశాను.

రెండో తరగతిలో, మీకేం సాయం కావాలని అడిగాం. అడగడం పద్ధతి. పెద్దాయన, వారానికొకసారి నీటిపైపులు ఎత్తిపెట్టడానికి ఒక మనిషి దొరికితే చాలన్నాడు. అమ్మాయి, మొక్కలకు నీడపట్టే గుడ్డ, ఆర్గానిక్ సర్టిఫికెట్‌కి పంపాల్సిన ప్లాన్‌ని ఒకసారి చదివిపెట్టే మనిషి కావాలంది. కమిటీ ఈ కోరికలను లోతుగా చర్చించి, పొలం దగ్గర కట్టడానికి పెద్ద బ్యానరు చేయించింది. బ్యానరు కింద కొంచెం నీడ ఉంటుందని కోశాధికారి గుర్తుచేశారు.

ప్లాన్ మాత్రం నేను చదివాను. చదవడం నాకు సరదా. ఏ మడిలో ఏ విత్తనం వేసింది, ఎరువు కుప్పను ఎలా మాగబెట్టింది, చేతులెక్కడ కడుక్కుంటారు, అన్నీ అందులో ఉన్నాయి. ఈ మళ్ళలో పచ్చి పేడ వాడను అని కూడా ఆమె రాసి సంతకం పెట్టింది. నా భార్య బుధవారాలు వెళ్ళి కలుపు తీసేది. అక్కడ ఆమెకు తెలిసిన సంగతొకటి నాకూ చెప్పింది. దగ్గర్లోని ఒక ఆసుపత్రి వంటశాలవాళ్ళు, సర్టిఫికెట్ ఉంటే ఆకుకూరలన్నీ నీ దగ్గరే తీసుకుంటామని అమ్మాయికి మాటిచ్చారు. ఈ వేసవిలోగా సర్టిఫికెట్ రాకపోతే కౌలు వదిలేసి ఉద్యోగం వెతుక్కుంటానని అమ్మాయి భర్తకు మాటిచ్చింది. మొదటి ఇన్‌స్పెక్షన్ ఏప్రిల్ 28, సోమవారం, ఉదయం తొమ్మిదికి.

ఇప్పుడు డ్రమ్ము సంగతి.

ముగింపు తరగతి ఆ అమ్మాయి పొలంలోనే, ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు పెట్టాలని కమిటీ నిర్ణయించింది. ముఖ్య అతిథికి ఆదివారమే కుదురుతుంది మరి. ఆ తరగతిలో జీవామృతం పోసే కార్యక్రమం పెట్టాలన్నది అధ్యక్షులవారి కోరిక. నేను రూలు చదివి వినిపించాను.

“డాక్టరు గారూ, ఇక్కడ పచ్చి పేడ వేస్తే, నేలకి తగిలే ఆకుకూరని నాలుగు నెలల దాకా కోసి అమ్మకూడదు. ఆ అమ్మాయి రెండు వారాల్లో కోత పెట్టుకుంది.”

“ఇది పేడ కాదండీ. జీవామృతం.”

“అందులో ఏమేం వేస్తారు?”

“పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి.”

“ఆ మొదటి పదార్థం గురించే నేను చెప్పేది.”

“సెక్రటరీ గారూ, మీరు మందుల కంపెనీ మనిషి. మీకు పాయసంలో కూడా కల్తీ కనపడుతుంది. మన ముత్తాతలకి ఎవరిచ్చారండీ సర్టిఫికెట్?”

“మా తాత ఈ తిండి తినే తొంభై దాటాడు” అన్నారు కోశాధికారి. దాంతో విషయం శాస్త్రీయంగా తేలిపోయింది. కార్యదర్శి అభిప్రాయం నమోదు చేయడమైనదని, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని మినిట్స్‌లో రాయించారు. ఏకగ్రీవం కావడానికి నా ఒక్కడి అభ్యంతరం ఏమాత్రం అడ్డురాలేదు.

పేడ మూపురం ఉన్న ఆవుదే కావాలని డాక్టరు గారు పట్టుబట్టారు. టెక్సస్‌లో అలాంటి ఆవులకు కొదవలేదు. వాటిలో మన ఒంగోలు రక్తం ఉందని ఆయన దొరికిన ప్రతి ఒక్కరికీ చెప్పేవారు, ఆ ఆవుల యజమానితో సహా. పేడ తీసుకుపొమ్మని యజమాని సంతోషంగా ఒప్పుకున్నాడు. కానీ తెల్లకోటు వేసుకుని జీవితమంతా గడిపిన మనిషి, ప్లాస్టిక్ బకెట్టు పట్టుకొని ఆవు వెనక గంటసేపు నిలబడితే, ఆ యజమానే పోలీసులకు ఫోన్ చెయ్యాలా వద్దా అని ఆలోచించాడట. ఈ మాట డాక్టరు గారే మాకు గర్వంగా చెప్పారు. ఆ సరంజామా అంతా ఎలక్ట్రిక్ కారులో ప్లేనో చేరింది. గరాజ్‌లో డ్రమ్ములో కలిపి, పొద్దునా సాయంత్రమూ కర్రతో తిప్పారు. మూడోనాటికి కాలనీ అసోసియేషన్ నుంచి మనిషి వచ్చి, మీ ఇంట్లో మురుగు పైపు ఏదైనా పగిలిందా అని అడిగి వెళ్ళాడు. పర్యావరణం అంటే వీళ్ళకి అవగాహన లేదని డాక్టరు గారు బాధపడ్డారు.

ఆదివారం పది గంటలకు మేం చేరేసరికి డ్రమ్ము వచ్చేసింది. పాలకూర మడి పక్కనే, పూలదండతో ఉంది. దాని పక్కన రాగి చెంబు, కొత్త మగ్గు. మళ్ళ మధ్య దారిలో ఎర్ర తివాసీ పరిచారు. ఫొటోగ్రాఫరు మంచి కోణం కోసం మెంతికూరలో నిలబడ్డాడు. అమ్మాయి పరుగెత్తుకెళ్ళి, “అన్నా, జరా ఇటు రా, అది అమ్మేది” అని బయటికి పిలిచింది.

జ్యోతి ప్రజ్వలన మొదలైంది. టెక్సస్ గాలికి దీపం నిలవదు. ఐదారు అగ్గిపుల్లలయ్యాక ఒకావిడ బ్యాటరీ దీపం తెచ్చి కుందిలో పెట్టింది. దాని మీటను ముఖ్య అతిథిగారు భక్తితో నొక్కారు. ప్రార్థన గీతం అయ్యింది. శాలువాలు కప్పడం మొదలైంది. ముఖ్య అతిథికి ఒకటి, అమ్మాయికి ఒకటి, పక్క పొలం పెద్దాయనకు ఒకటి. అప్పటికే ఎండ మండుతోంది. పెద్దాయన శాలువా విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుంటే, ఫొటో ఇంకా కాలేదని మళ్ళీ కప్పారు.

ఆ హడావిడిలో అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

“అంకుల్, రేపు తొమ్మిదింటికి ఇన్‌స్పెక్షన్.”

“తెలుసమ్మా.”

“అది పోస్తె ఇగ అయిపోయినట్టె. పచ్చి పేడ వాడ అని రాసిచ్చిన. మీరు చదివిన్రు గదా.”

“వద్దని డాక్టరు గారికి చెప్పకపోయావా?”

“ఎట్ల చెప్తం అంకుల్? అంత పెద్దాయన. మా ఆయన జాబ్ పోయినప్పుడు ఆయనే ఎవరికో చెప్పి ఇంటర్వ్యూ ఇప్పిచ్చిండు. మీరు చెప్పున్రి.”

“నేను చెప్పాను. మినిట్స్‌లో ఉంది.”

“మినిట్స్‌ల ఉంటె నాకేం లాభం అంకుల్?”

నలభై ఏళ్ళుగా మినిట్స్ రాస్తున్న నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. చేతిలోని కార్యక్రమపు కాగితం వైపు చూశాను. సభ నడిపేది నేనే. భోజనానికి ముందు ఆఖరి అంశం: ముఖ్య అతిథిగారిచే మొదటి మగ్గు. దాని కింద చిన్న అక్షరాలతో ఒక సూచన. ముఖ్య అతిథిగారు ఒంటిగంటన్నరకు బయలుదేరవలెను. ఇంకో ఊళ్ళో ఎవరో అమ్మాయి అరంగేట్రానికి కూడా ఆయనే ముఖ్య అతిథి.

మా సంఘంలో నేనూ నా భార్యా తప్ప మిగిలినవాళ్ళందరూ మాజీ అధ్యక్షులే. మాజీ అధ్యక్షుడు దగ్గరికొచ్చిన మైకును తిప్పి పంపడం నేను ఇంతవరకూ చూడలేదు.

“ముఖ్య కార్యక్రమానికి ముందు, మన పెద్దలందరూ తలా రెండు ముక్కలు మాట్లాడాలని సభ తరఫున కోరుతున్నాను” అన్నాను.

కోశాధికారిగారు నాకు మాట్లాడే అలవాటు లేదంటూనే లేచారు. తాతగారితో మొదలుపెట్టి, ఆయన తొంభై ఏళ్ళనూ ఏడాది కూడా వదలకుండా వివరించారు. తర్వాతి మాజీ అధ్యక్షులు తన హయాంలో జరిగిన కంటి పరీక్షలను గుర్తుచేశారు. ఆ తర్వాతివారు, ఆ కంటి పరీక్షలు నిజానికి తన హయాంలో మొదలయ్యాయని సవరించారు. మొదటివారు జవాబు చెప్పడానికి మళ్ళీ మైకు అడిగారు. ఇచ్చాను. సేంద్రియ వ్యవసాయం అప్పుడప్పుడు మాటల్లో తొంగిచూసి, తనకిక్కడ పని లేదని తెలుసుకొని వెళ్ళిపోయింది.

తర్వాత ముఖ్య అతిథిగారు మాట్లాడారు. ఆయనొక్కరే నేల గురించి మాట్లాడారు. “ఈ నేల విలువ మీకు తెలియట్లేదు. రోడ్ వైడెనింగ్ వస్తోంది. స్కూల్ డిస్ట్రిక్ట్ బావుంది. ఐదేళ్ళలో ఇక్కడ చూడండి ఏం జరుగుతుందో” అంటూ, ఒక చేత్తో శాలువా సర్దుకుంటూ రెండో చేత్తో పాలకూర మడి నుంచి కంచె దాకా గాల్లో ఒక గీత గీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క పొలం పెద్దాయన నా వైపు వంగి, ఏమంటున్నాడని ఇంగ్లీషులో అడిగాడు. మీ నేలంటే ఆయనకి చాలా ఇష్టమట అన్నాను. “వచ్చిన ప్రతివాడికీ ఇష్టమే” అని, పెద్దాయన కళ్ళు మూసుకొని కుర్చీలో వెనక్కి వాలాడు.

ఒంటిగంట అయింది. డాక్టరు గారు గడియారం చూసుకొని సైగ చేశారు. నేను చూడలేదు. చూడకుండా ఉండటం కూడా సభానిర్వహణలో భాగమే. ఆయన లేచి మైకు దగ్గరికి బయలుదేరారు.

అప్పుడు నా భార్య, నేనేమీ చెప్పకుండానే, భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి బిర్యానీ ట్రేల మీది రేకు కాగితాలు ఒక్కొక్కటే తీసేసింది. గాలి బల్ల వైపు నుంచి సభకు వేసిన టెంటు వైపు వీస్తోంది. వెనక వరుసలో ఒక మాజీ అధ్యక్షుడు కూర్చున్నచోటే మెడ తిప్పాడు. తర్వాత వరుస మొత్తం తిరిగింది. ఎవరూ లేవమనకుండానే జనం లేచారు. పెద్దాయన కూడా కళ్ళు తెరిచాడు. ఆయన మా బడిలో ఒక్క తరగతి కూడా మానలేదు. గోంగూర పచ్చడి వల్లేనని దాపరికం లేకుండా చెప్పేవాడు కూడా. మా పాఠాల్లో ఆయనకు పనికొచ్చింది అదొక్కటే.

ముఖ్య అతిథిగారు ప్లేటు సగం తిన్నారో లేదో ఫోన్ మోగింది. అరంగేట్రం వాళ్ళు. డాక్టరు గారు మగ్గు పట్టుకొని వెంటపడ్డారు.

“ఒక్క నిమిషం సార్. ఒక్క మగ్గు.”

“అయ్యో డాక్టర్ గారూ, అక్కడ స్టేజ్ మీద నా కోసం వెయిటింగ్ అట. చేతికి ఆ వాసన అంటితే మళ్ళీ బావోదు కూడా. మీరు కానిచ్చెయ్యండి.”

కారు వెళ్ళిపోయింది. ముఖ్య అతిథి లేకుండా పోస్తే మర్యాద కాదన్నారు కోశాధికారి, నోట్లో బిర్యానీతో. డాక్టరు గారు ఆలోచించి, “సరే, రేపు పొద్దున్నే నేనొక్కణ్ణే వచ్చి పోసేస్తాను. ఫొటో ఉంటే చాలుగా” అన్నారు. అమ్మాయి ఖాళీ ప్లేట్లు ఏరుతోంది. ఆ మాట విని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

ఇంటికి డ్రైవ్ చేస్తుంటే నా భార్య అంది.

“ఇవాళ ఆపారు. రేపేం చేస్తారు?”

“పొద్దున్నే మనమూ వెళ్దాం.”

“వెళ్ళి? ఆయన ఒక్కరికీ సభ పెట్టి మైకిస్తారా?”

“చూద్దాం.”

“ఏమండీ, ఆ పిల్ల నోరు విప్పితే గాని ఇది తెగదు. మీరు కాగితాలతో ఎన్నిసార్లు అడ్డం పడతారు?”

మర్నాడు పొద్దున. ఏప్రిల్ 28, సోమవారం.

మేం ఎనిమిది కాకుండానే చేరాం. ఎలక్ట్రిక్ కారు అప్పటికే అక్కడుంది. డాక్టరు గారు ఫోన్‌ని మూడుకాళ్ళ స్టాండుకి బిగించి, పాలకూర మడి వైపు గురి పెట్టి, డ్రమ్ము మూత తీస్తున్నారు. ముక్కు ఉన్నవాడెవడూ ఆ మూత రెండోసారి తీయడు. ఆయన వృత్తిలో ఉన్న రోజుల్లో నేర్చుకున్న నిబ్బరం అది.

అమ్మాయి మడి మొదట్లో నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ గొట్టం. భర్త షెడ్డు దగ్గర బోర్లించిన డబ్బా మీద కూర్చొని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాడు.

డాక్టరు గారు మగ్గు ముంచారు.

“పక్కకి జరుగమ్మా. ఒక్క మగ్గు, శాస్త్రానికి. మిగతాది తర్వాత చూసుకుందాం.”

“వద్దంకుల్.”

“ఏమిటి వద్దు?”

“పొయ్యద్దు. నేను పొయ్యనియ్య.”

మగ్గు గాల్లో ఆగింది. డాక్టరు గారి ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. ఆయన ముప్పై ఏళ్ళు మనుషులకి ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పారు. వాళ్ళు విన్నా వినకపోయినా, ఎదురుగా ఎవరూ వద్దనలేదు.

“నీ మంచికేనమ్మా ఇదంతా. ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఒక మగ్గు సంగతి ఏం తెలుస్తుంది?”

“ఆమెకు తెల్వకపోవచ్చు. అడిగితె నేను చెప్పాలె గదా అంకుల్. వాడ అని రాసి సంతకం పెట్టిన.”

“మేం నీకోసం ఇంత చేశాం.”

“చేసిన్రు అంకుల్. కాదంటలేను. శాలువా కప్పిన్రు, బ్యానర్ కట్టిన్రు. గీ ఒక్కటి మాత్రం చెయ్యకున్రి. ఈ పాలకూర పోతె నా పొలం పోతది.”

ఆమె గొంతు పెరగలేదు. పక్కకి మాత్రం జరగలేదు. డాక్టరు గారు షెడ్డు వైపు తిరిగారు.

“ఏమయ్యా, మీ ఆవిడకి నువ్వైనా చెప్పు.”

అతను ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ తీశాడు. “పొలం తనది అంకుల్. నేను మ్యూట్‌లో ఉన్నా” అని మళ్ళీ పెట్టుకున్నాడు. అతని కాపురం చల్లగా సాగడానికి కారణం నాకప్పుడు అర్థమైంది.

ఇక నేనే మిగిలాను.

“సెక్రటరీ గారూ, మీరు చెప్పండి. తీర్మానం అయిందా లేదా?”

“అయిందండీ. మొదటి మగ్గు ముఖ్య అతిథి పోయాలని అయింది. అధ్యక్షులు పోయడానికి తీర్మానం లేదు.”

ఆయన నన్ను చూసిన చూపు, పన్నెండేళ్ళ మా స్నేహంలో ఎప్పుడూ చూడనిది. మగ్గులోది డ్రమ్ములోకే వంపేశారు. అమ్మాయి గొంతు తగ్గించి, “కూసోండి అంకుల్, చాయ్ తెస్త” అంది. ఆయన కూర్చోలేదు. కానీ చాయ్ తాగారు. రెండో కప్పు కూడా అడిగారు.

తొమ్మిదికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యాభై ఏళ్ళావిడ, బురద బూట్లు, చేతిలో కాగితాల అట్ట. ఆమె కారు దిగీ దిగగానే డాక్టరు గారు పాత ఉత్సాహమంతా తెచ్చుకొని, నిన్న మిగిలిన శాలువా ఒకటి తన కారులోంచి తీసి, విప్పుకుంటూ ఎదురెళ్ళారు. నేను ఆపేలోపే శాలువా ఆమె భుజం దాకా వచ్చింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినచోట నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు, మంచినీళ్ళు కూడా నావే తెచ్చుకుంటాను అని చెప్పింది. అమ్మాయి ముఖం తెల్లబోయింది. మగ్గు నుంచి కాపాడుకున్న సర్టిఫికెట్ శాలువా పాలబడేలా ఉంది.

నా భార్య కల్పించుకొని, ఇది మా అలవాటు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కప్పుతాం, ఇందులో ఇంకేం లేదు అని ఇంగ్లీషులో చెప్పింది. రుజువు కావాలంటే పక్క పొలం పెద్దాయన్ని చూడమంది. ఆయన కంచె అవతల, నిన్నటి శాలువా ఎండకి తలపాగాలా చుట్టుకొని పైపులు ఎత్తిపెడుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ అటు చూసి, నవ్వి, అట్ట తెరిచింది.

మళ్ళన్నీ తిరిగింది. మట్టి చేతిలోకి తీసుకుని చూసింది. విత్తనాల సంచులు చూసింది. ఎరువు కుప్ప చూసింది. ఆఖరుకి డ్రమ్ము దగ్గర ఆగి, ఇదేమిటని అడిగింది. డాక్టరు గారు నోరు తెరిచారు. అమ్మాయి ఆయన కంటే ముందే చెప్పింది. పచ్చి పేడ కలిపినది, మా పెద్దవాళ్ళు తెచ్చారు, ఏ మడిలోనూ ఒక్క చుక్క పడలేదు. ఇన్‌స్పెక్టర్ మడి చుట్టూ నేలని మరోసారి చూసి, రాసుకుంది. ఇది నీ ప్లాన్‌లో లేదు, కాబట్టి పొలంలో ఉండకూడదు, ఇవాళే తీసేయాలి అంది. ఆమె ఎత్తిచూపింది అదొక్కటే. తుది నిర్ణయం తనది కాదనీ, ఆఫీసులో వేరేవాళ్ళు చేస్తారనీ చెప్పి, మళ్ళ విషయంలో మాత్రం తాను రాయాల్సిన తప్పేమీ కనపడలేదంటూ అమ్మాయితో సంతకం పెట్టించుకుంది. వెళ్తూ వెళ్తూ పాలకూర మడి దగ్గర ఒక క్షణం నిలబడింది.

ఇక డ్రమ్మును తీయాలి. నేనూ, డాక్టరు గారూ, కంచె దాటి వచ్చిన పెద్దాయనా కలిసి కారులోకి ఎక్కించాం. వెనక పట్టలేదు, నిన్నటి కుర్చీలున్నాయి. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. మూత సరిగా బిగుసుకోవడం లేదు. వాసన బయటికి రాకుండా దాని మీద కప్పడానికి ఏమైనా ఉందా అని డాక్టరు గారు చుట్టూ చూశారు. ఆయన చేతిలోనే ఉంది. శాలువాను రెండు మడతలు వేసి డ్రమ్ము మీద కప్పి, అంచులు కిందికి దోపారు. ముగింపు సభలో సన్మానం అందుకున్నవారి జాబితాలో ఆ పేరు కూడా చేర్చాను.

ఆయన ఇల్లు చేరకముందే మా గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. డాక్టరు గారు మగ్గెత్తి పట్టుకొని ఉన్నారు, వెనక పచ్చటి పాలకూర. కింద, జీవామృత కార్యక్రమం విజయవంతం అని ఉంది. మాజీ అధ్యక్షులందరూ దండాలు పెట్టిన బొమ్మలు పంపారు. ఫొటో అంచున, మడికీ మగ్గుకీ మధ్య ఒక గొట్టమూ, దాన్ని పట్టుకున్న చెయ్యీ కనపడుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మాయి ఆ ఫొటో చూడలేదు. మెంతికూరలో ఫొటోగ్రాఫరు తొక్కినచోట చిన్న గునపంతో మట్టి గుల్ల చేస్తోంది. నా భార్య అప్పటికే ఆమె పక్కన కూర్చుంది. కంచె అవతల నుంచి పెద్దాయన నన్ను పిలిచి, పైపు రెండో కొస పట్టుకొమ్మన్నాడు.

వెళ్ళి పట్టుకున్నాను.